ఇప్పపువ్వు ట్యాంకు

"గేటు తెరువు! ఇప్పపువ్వు వాసన రోడ్డు దాకా కొడ్తుంది. ఎంత కాస్తున్నవ్ రా?"

జీపు దిగిన ఎక్సైజ్ సీఐ భానుప్రసాద్ లాఠీతో రేకుల గేటును బాదాడు. సాగర్ పరుగున వచ్చి అడ్డంగా నిలబడ్డాడు.

"సారా కాదు సార్, మందు."

"గదే గదా మేమనేది!"

వెనక కానిస్టేబుళ్లు పగలబడి నవ్వారు.

"సికిల్‌సెల్ రక్తరోగం ఉన్న పిల్లల మందు సార్. పువ్వుల తీపిని ఓ సూక్ష్మజీవి తిని దానికి ముడిసరుకు తయారుజేస్తది. నేను కరీంనగర్ల పరిశోధన చేస్తున్న."

"మరి గక్కడ చేస్కోక జైనూర్ అడివిల ఏం పని?"

"పువ్వు ఈడ దొరుకుతది. రోగులు గూడ ఈడనే ఉన్నరు."

"కథలు పడకు," అని సీఐ కానిస్టేబుళ్ల వైపు తిరిగాడు. "పోయి పారబోయుండ్రి."

కరీంనగర్ ల్యాబులో దాచిన ఆ సూక్ష్మజీవి ఫ్రిజ్ చెడిపోయి చచ్చింది. గైడు చేతులెత్తేశాడు. ప్రాణంతో మిగిలింది ఈ గేటు వెనక షెడ్డులోని ట్యాంకులో ఉన్నదే. ఇది పోతే మళ్లీ మొదలుపెట్టడానికి చిటికెడు కూడా లేదు. ట్యాంకుకు కాపలా ఉండే శంకరవ్వ మనుమరాలు ఆ రోగంతోనే ఆస్పత్రి మంచం మీద మెలికలు తిరుగుతోంది. అలాంటి పిల్లలు ఊరూరా ఉన్నారు.

"కాళ్లు మొక్కుత సార్! సారా కొలిచే గొట్టం మీ దగ్గర ఉంటది గదా, ముంచి చూడుండ్రి. సారా అని తేలితే నన్ను జైల్ల పెట్టుండ్రి."

"మాకే రూల్స్ చెప్తవా?"

"చెప్త! బెల్టు షాపులు తెల్లారంగనే తెరుస్తుండ్రు, అవి కనవడయి. గరీబు పోరల మందు మాత్రం రోడ్డు మీదికే వాసనొస్తదా?"

ఒక కానిస్టేబుల్ చెయ్యెత్తాడు. సీఐ ఆపాడు. సాగర్ ముఖంలోకి కాసేపు చూశాడు.

"గొట్టం తే," అన్నాడు కానిస్టేబుల్‌తో. తర్వాత సాగర్ వైపు తిరిగి, "సారా గాకపోతే నేనే కాగితం రాసిస్త. మల్ల నీ గేటు దిక్కు ఎవ్వడు రాడు. సరేనా?"

సాగర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. సర్కారు మనిషి ఒకడు తన మాట వినడం అతనికి ఇదే మొదలు. ముందు నడిచి షెడ్డు తలుపు తీశాడు.

ట్యాంకు అడుగున నల్లా బార్లా తెరిచి ఉంది. లోపల తళతళా మెరుస్తున్న ఇనుము తప్ప ఏమీ లేదు.

చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా తడిసిన శంకరవ్వ, బూడిద చేతులతోనే సాగర్‌ను పక్కకు లాగి చెవిలో చెప్పింది:

"ఫికర్ చెయ్యకు బిడ్డా. జీపు సప్పుడు ఇనంగనే అంత వాగుల కలిపి, బూడిదతోటి రాకి కడిగిన. మందు మల్ల చేస్కోవచ్చు. గీళ్లు మన మాట ఎన్నడన్న ఇన్నరా?"