ఆవిడ చేతి మసాలా

ఆయన మసాలా టీ ఒక్క గుక్క తాగి, మిగిలింది సింకులో పారబోశాడు.

“ఇది టీయా, కషాయమా? యాలకులు దంచి వేశావా, అలాగే పడేశావా?”

“దంచే వేశానండీ.”

“దంచడం కూడా ఒక విద్యే. మా మొదటావిడ దంచితే వీధి చివరిదాకా తెలిసేది.”

పెళ్ళయిన దగ్గర్నుంచి ఇదే వరస. కూరలో లవంగం ఎక్కువైతే, పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్నట్టుందనేవాడు. తక్కువైతే ఆస్పత్రి భోజనమనేవాడు. ఇంటికెవరొచ్చినా, వాళ్ళు కుర్చీలో సర్దుకునేలోపే మొదలుపెట్టేవాడు.

“ఆవిడ నన్ను కాదని వెళ్ళిపోయాక నా నాలుక చచ్చిపోయిందండీ.”

వచ్చినవాళ్ళు నిట్టూర్చేవారు. ఈమె వైపు జాలిగా చూసేవారు.

పుట్టింట్లో అందరూ మెచ్చుకున్న చేయి అది. ఇప్పుడు ఆ చేతి మీద ఆమెకే అనుమానం పట్టుకుంది. ఉప్పు వేసి, వేశానో లేదోనని మళ్ళీ మళ్ళీ రుచి చూసేది.

ఆదివారం మధ్యాహ్నం ఆయన పై ఆఫీసర్ భోజనానికి వచ్చాడు.

“ఇవాళగానీ పరువు తీశావో, పుట్టింటికి పోయి వంట నేర్చుకుని రా. అప్పటిదాకా ఈ గడప తొక్కకు,” అని ఆయన ఆమెకు ముందే చెప్పి ఉంచాడు.

ఆమె మాంసం కూర తెచ్చి బల్ల మీద పెట్టింది. మూత తీయగానే దాల్చినచెక్క, జాపత్రి వాసన గదంతా కమ్ముకుంది. ఆఫీసర్ ఇష్టంగా తిన్నాడు. అడిగి మరీ మారు వేయించుకున్నాడు.

“చాలా బావుందమ్మా,” అన్నాడు.

“మీరు మొహమాటానికి అంటున్నారు సార్.” ఆయన కంచంలో కెలుకుతూ పెదవి విరిచాడు. “మిరియాలు మాడ్చేసింది. ధనియాలు పచ్చివాసన కొడుతున్నాయి. మా మొదటావిడ కూర తిన్న నోటికి ఇది గడ్డి.”

ఆమె వైపు తిరిగాడు.

“ఎన్నేళ్ళు తిప్పలు పడినా నీకు ఆ చేతి రుచి రాదు. రాసిపెట్టుకో.”

ఆఫీసర్ ఇబ్బందిగా నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. ఎప్పుడూ తల దించుకునే ఆమె, ఈసారి ఆయన మొహంలోకి అలాగే చూస్తూ నిలబడింది. తర్వాత ఖాళీ గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, ఫోన్ అందుకుంది. నవ్వు ఆగక మాట తడబడుతోంది.

“అక్కా, పొద్దున మీరు వండి పంపిన కూరే తిని, మీ చేతి రుచి నాకీ జన్మకి రాదని తేల్చేశారు.”