వల కళ్లు

"మళ్లీ అదే పాటా!" రంగుల కొట్టాయన టీ గ్లాసు ఠపీమని బల్ల మీద పెట్టాడు. "మన డ్రోనుకేం రోగం? ఎగురుతోంది, దిగుతోంది, వీడియో తీస్తోంది. ఇంకేం కావాలి?"

"తీస్తోంది బావా, కాదన్లేదు. కానీ అందులో చెట్లు చెట్లలా లేవు. ఉడికిన ఆకుకూరలా ఉన్నాయి," అన్నాడు బావమరిది.

బావమరిది దర్జీ. రెండేళ్ల కిందట ఇద్దరూ చెరిసగం వేసుకుని ఆ డ్రోను కొన్నారు. ఆదివారం పొద్దున్నే ఊరి బయట చెరువు దగ్గర ఎగరేస్తారు. రిమోటు బావది, ఆకాశం బావమరిదిది. తీగ వస్తోందనీ, గద్ద వస్తోందనీ దర్జీ కేకలేస్తే కొట్టాయన తిప్పుతాడు. కొట్టాయన వారం మొత్తంలో బేరం లేకుండా గడిపే గంట అదొక్కటే.

ఆ గంటలోకి రెండు నెలలుగా ఫోర్‌కే దూరింది. మామూలు వీడియోకి నాలుగింతల చుక్కలుంటాయట. నాలుగింతల చుక్కలంటే కొట్టాయన లెక్కలో కొత్త డ్రోను, పెద్ద మెమరీ కార్డులు, ఆ బరువు మోయలేక నీలిగే కంప్యూటరు. తీరా చూసేదెవరు? ఇంట్లో నలుగురు. అదీ ఫోన్లో, భోజనం చేస్తూ. ఈ లెక్క పదిసార్లు చెప్పినా దర్జీ చెవికెక్కలేదు. చెప్పి చెప్పి కొట్టాయనకి గొంతు పోయింది, ఓపికా పోయింది.

అందుకే ఈ పందెం. దర్జీ స్నేహితుడి దగ్గర డ్రోను అడిగి తెచ్చి చెరువును ఫోర్‌కేలో తీశాడు. కొట్టాయన కూతురు దాన్నే తగ్గించి మామూలు కాపీ ఒకటి చేసి, రెండూ పెన్‌డ్రైవులో వేసి పెట్టింది. హాల్లోని పెద్ద టీవీలో దర్జీ తేడా చూపిస్తే కొత్తది కొనాలి. చూపించలేకపోతే ఆ మాట జన్మలో ఎత్తకూడదు.

కొట్టాయన ఓడే పందెం కట్టే మనిషి కాదు. ఒకే డబ్బాలోని రంగు గోడ మీద రెండు చోట్ల పూసి, రెండు ధరలు చెబితే, ఎక్కువ ధరదే మెరుస్తోందంటాడు కొనేవాడు. ముప్పై ఏళ్ల వ్యాపారంలో కాదన్నవాడు కనబడలేదు. కూతురు ఫైళ్లిచ్చిన రోజే ఆయన ఫోర్‌కే ఫైలు తీసేసి, మామూలుదాన్నే మరోసారి కాపీ చేసి దానికి ఫోర్‌కే అని పేరు పెట్టేశాడు.

"ఇదిగో, మామూలుది," అంటూ మొదటి వీడియో వేశాడు. చెరువు, గట్టు, గట్టు మీద ఆరేసిన చేపల వల.

"ఇప్పుడు నీ ఫోర్‌కే."

రెండోది మొదలైంది. కొట్టాయన టీవీ వైపు చూడలేదు. సరుకు చూపించి మొహం చదవడం ఆయనకి అలవాటు. బావమరిది మొహం వెలిగిపోవడం చూస్తూ లోపల్లోపల నవ్వుకున్నాడు.

"అదీ! ఆ వల చూడు బావా! ఇందాక బూడిదరంగు గుడ్డలా ఉంది. ఇప్పుడు కళ్లు లెక్కపెట్టొచ్చు. ఆ చివర చిరిగితే కుట్టారు చూడు, దారం రంగు కూడా వేరు!"

"దారం కూడానా!"

"నిజమేనండీ, ఇది తేటగా ఉంది," అంది భార్య.

"నువ్వూరుకో. మీ తమ్ముడు కాకిని చూపించి హంసంటే రెక్కలు కూడా తెల్లగా ఉన్నాయంటావు." కొట్టాయన టీవీ ఆపేశాడు. ఇంక ఆగలేకపోయాడు. "ఒరేయ్, రెండూ ఒకటే వీడియో! నా చేత్తో నేనే కాపీ చేశాను. మామూలుదే రెండుసార్లు వేశాను."

దర్జీ నవ్వబోయి ఆగిపోయాడు.

"లేదు బావా. కుట్టు కనబడింది నాకు."

"అమ్మతోడు. ఒకటే వీడియో."

బావ బేరంలో ఎన్నయినా చెబుతాడు గానీ తల్లి మీద ఒట్టేసి అబద్ధం చెప్పడు. ఆ సంగతి దర్జీకి తెలుసు. కళ్లు నులుముకుని, ఆరిపోయిన తెర వైపు ఒకసారి చూశాడు.

"ఈమధ్య సూదిలో దారం ఎక్కించడానికి రెండు మూడుసార్లు పడుతోంది. వయసనుకున్నా," అన్నాడు మెల్లగా. "లేనివి కూడా కనబడుతున్నాయన్నమాట. రేపు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలి."

"ఛ, సరదాకి చేశాన్రా..."

"నా మాట నమ్మి నువ్వు తిప్పుతావు. ఏ తీగకో తగిలిస్తే? ఇంక నన్ను పిలవకు బావా." చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

"గెలిచారుగా. కడుపు నిండిందా?" అని భార్య వంటింట్లోకి పోయింది.

కొట్టాయనకి ఒళ్లు మండింది. ఖర్చు మిగిలింది, నోరు మూయించాడు, మరి లాభం ఏదీ? ఓడినవాడు తిట్టాలి, అలగాలి, వచ్చే ఆదివారానికి మళ్లీ రావాలి. కళ్ల మీద నమ్మకం పోగొట్టుకుని వెళ్లిపోతే ఎలా? పక్కన కేక వేసేవాడు లేకుండా ఆయన ఒక్కసారి కూడా ఎగరేయలేదు.

అప్పుడే కూతురు బయట్నుంచి వచ్చింది. "మామయ్యేడి నాన్నా? పందెం ఏమైంది?"

జరిగిందంతా చెప్పాడు, ఒకే డబ్బా రంగు కిటుకుతో సహా. చెబుతుంటే ఇందాకటి హుషారు కాస్త తిరిగొచ్చింది. "లేని దారానికి రంగు కూడా చెప్పాడమ్మా మీ మామయ్య!"

కూతురు నవ్వలేదు. భుజానున్న సంచీ దించడం మరిచిపోయి అలాగే నిలబడింది.

"రెండో ఫైలు తప్పుగా కాపీ అయిందనుకుని పొద్దున నేనే మళ్లీ అసలు ఫోర్‌కే వేసేశాను నాన్నా."