టీకా వేయించుకున్న నీడ

"ఏ వేలు?" అని గద్దించింది డాక్టర్ వకుళ.

మెడికల్ స్టూడెంట్ నిహాల్ నెత్తురోడుతున్న బొటనవేలు చూపించాడు. కామెర్ల రోగికి గుచ్చిన సూదికి మూత పెట్టబోతుంటే అది అతని వేలిలోనే దిగింది. ఆ రోగికి హెపటైటిస్ బి ఉంది.

"ముందు సబ్బుతో కడుగు. టీకా వేయించుకున్నావా?"

"టీకా రికార్డులో నా పేరు పక్కన పచ్చ లైటు వెలుగుతోంది మేడం."

"నేనడిగింది లైటు సంగతి కాదు, నీ ఒంటి సంగతి!"

నిహాల్ తల దించుకున్నాడు. "టీకా క్యాంపుకి నా నీడని పంపించాను మేడం."

ఇప్పుడు అందరికీ నీడలున్నాయి. మనిషి ముఖంతో, మనిషి గొంతుతో వెళ్ళి క్లాసులో హాజరు పలికే కాంతిబొమ్మలు. పక్కనే ఉన్న నిహాల్ నీడ, ఎవరూ అడక్కపోయినా, "మూడు డోసులు, ఆరు నెలల్లో" అని అప్పజెప్పింది.

"నోర్ముయ్!" అని దాన్ని కసిరి, వకుళ నిహాల్ వైపు తిరిగింది. "బుద్ధుందా నీకు? డాక్టరు చదువుతూ చేసే పనేనా ఇది? వెలుగులో సూది దిగుతుందా? అసలా క్యాంపులో టీకా వేసిన మహానుభావులెవరు? గాలిలో పొడుస్తున్నామని తెలీలేదా వాళ్ళకి?"

నిహాల్ మెల్లగా తలెత్తాడు. "మీరే మేడం. అంటే... మీ నీడ."

గోడ దగ్గర నిలబడ్డ ఆమె నీడ చిరునవ్వు నవ్వింది. "మన బ్యాచ్ టీకాలు నూటికి నూరు శాతం పూర్తి!"

వకుళ దాన్ని ఆర్పేసింది. ఫ్రిజ్‌లోంచి టీకా మందు తీసి, సిరంజిలోకి ఎక్కించింది.

"చొక్కా చెయ్యి పైకి లాగు. మీ బ్యాచ్ అందర్నీ రమ్మను. నీడల్ని కాదు, మనుషుల్ని."