చేదు మందు

"జ్వరం తగ్గిపోయింది సుక్కమ్మా. ఇక ఇంటికి వెళ్ళు" అంది నర్సు కరుణమ్మ.

నకిరేకల్ నుంచి నల్లగొండ మిషన్ దవాఖానకు వచ్చిన సుక్కమ్మ గబుక్కున తల పట్టుకుంది.

"నెత్తి నొస్తాందమ్మా. పొద్దుగాల ఇచ్చే గా చేదు మందు జర పొయ్యి."

కరుణమ్మ తన చేతిలోని వేడి గ్లాసు అందిస్తూ నవ్వేసింది. "ఇది మందు కాదే, కాఫీ. మా అమ్మ గుంటూరు నుంచి పంపే పొడి. నైజాం సరిహద్దు దాటి ఎప్పుడో గాని రాదు. నువ్వు వణికిపోతుంటే మొదటిరోజు నా గ్లాసు ఇచ్చాను. రోజూ తలనొప్పి అంటుంటే రోజూ ఇస్తున్నాను."

నోటిదాకా వెళ్ళిన గ్లాసు ఆగిపోయింది. "మరి నువ్వేం తాగుతున్నవ్?"

"పొడి రోజుకు ఒక్క గ్లాసుకే సరిపోతుంది. మానేస్తే ఇంత తలనొప్పి వస్తుందని ఇప్పుడే తెలిసింది" అంటూ కరుణమ్మ కణతలు నొక్కుకుంది.

సుక్కమ్మకు సిగ్గేసింది. గ్లాసు తిరిగి ఆమె చేతిలో పెట్టింది.

"తాగు తల్లీ. నాకు నొప్పి లేదు, ఏం లేదు. గా వాసనకు ఆశపడి గట్లన్న."

కరుణమ్మ ఊదుకుంటూ తాగింది. సుక్కమ్మ ఆమె నుదుటిమీద చెయ్యి వేసి, "తగ్గిందా?" అని అడిగింది.

"తగ్గింది" అంది కరుణమ్మ బుద్ధిగా. అడుగున రెండు గుక్కలు మిగిల్చి గ్లాసు చాచింది.

"వద్దమ్మా. ఇది తాగితే ఇంటికి పోబుద్ధి గాదు" అంటూనే సుక్కమ్మ అందుకుంది.