పైకొచ్చే మెట్లు

ఆ వడ్రంగి భార్యను చర్చి తనలో కలుపుకోలేదు. ఆమె రెండేళ్లపాటు బాప్తిస్మం అడిగింది, వాళ్లు తర్వాత చూద్దామన్నారు, ఈలోగా ఆమె పోయింది. ఇందులో వాదించడానికేమీ లేదు.

ఇప్పుడు ఆ చర్చి చరిత్ర రాస్తున్నారట. వేదిక కింద పలకలతో మూసేసిన పాత బాప్తిస్మపు తొట్టి కొలతలు కావాలని పాస్టరు వడ్రంగి ఇంటికొచ్చాడు.

"పుస్తకంలో మా ఆవిడ పేరుంటుందా?"

"నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకోనివాళ్ల పేరెలా రాస్తాం బాబాయ్? నన్ను ఇరకాటంలో పెట్టకు."

"కొలతలకైతే నేను పనికొస్తానన్నమాట."

చర్చిలో పాటల సాధన ముగిసి అందరూ వెళ్లేసరికి చీకటి పడింది. అతను పలకలు తీసి లాంతరు దించాడు. తొట్టిలో నీళ్లు పోసి ఇరవై ఏళ్లయింది. దిగడానికి ఒకవైపు, పైకి రావడానికి మరోవైపు మెట్లున్నాయి. దిగే మెట్ల దుమ్ములో తడి అడుగులు కనిపించాయి. కుడికాలు ఈడ్చినట్టున్నాయి. జబ్బు చేశాక అతని భార్య అలాగే నడిచేది.

కీచురాళ్ల చప్పుడు కూడా ఆగిపోయింది. పైకొచ్చే వైపు అట్టడుగు మెట్టు తడిసింది. కాలు ఈడ్చిన చప్పుడైంది. ఆపై మెట్టు తడిసింది.

ఆమె పైకి వస్తోంది. ఇన్నేళ్లూ అతను కోరుకున్నది అదే. అతని చేతులు మాత్రం పలకలు మళ్లీ కప్పి మేకులు దిగ్గొట్టాయి.

పొద్దున్నే పాస్టరు నవ్వుతూ ఎదురొచ్చాడు. "పెద్దల్ని ఒప్పించాను బాబాయ్! పిన్ని పేరు రాస్తాం. ఇంతకీ తొట్టి లోతెంత?"

"ఆ తొట్టి సంగతి నన్నింకెప్పుడూ అడగకు. చచ్చేదాకా చెప్పను."