గోడవతలి హోరు

"ఇది తీసుకోండమ్మా. ఎంత పెద్ద గేమ్ ఆడినా ఫ్యాన్ చప్పుడు బయటికి రాదు," అన్నాడు సేల్స్‌మన్.

ఆమె లాప్‌టాప్‌కి చెవి ఆనించి చూసి, తల అడ్డంగా ఊపింది. "చప్పుడు వచ్చేది చూపించు బాబూ."

"అందరూ చప్పుడు వద్దంటారు, మీరేంటమ్మా! ఇంతకీ ఆడేది ఎవరు?"

"మా అబ్బాయి ఆడేవాడు. రోడ్డు మీద ప్రమాదంలో వాడూ పోయాడు, వాడి బ్యాగులో లాప్‌టాపూ పోయింది."

సేల్స్‌మన్ లోపలికి వెళ్లాడు. లావుపాటి నల్ల లాప్‌టాప్ ఒకటి తెచ్చి గేమ్ పెట్టాడు. కాసేపటికి ఫ్యాన్లు హోరెత్తాయి.

వెనక కుర్చీలో భర్త కూర్చుని ఉన్నాడు. "ఎవరాడతారని కొంటున్నావే?" అని దారి పొడుగునా సణిగిన మనిషి. కొడుకున్న రోజుల్లో ఈ హోరుకే పక్కగదిలోంచి గోడ బాదేవాడు, "ఆపరా, నిద్ర పట్టి చావట్లేదు" అని. ఇల్లు మూగబోయాక ఆ మనిషికి కంటిమీద కునుకు లేదు.

"మోత మరీ ఎక్కువగా ఉంది కదమ్మా, ఆపేయనా?"

ఆమె వెనక్కి తిరిగింది. భర్త తల గోడకి ఆనించి, నోరు తెరుచుకుని గుర్రుపెడుతున్నాడు.

"ఆపకు బాబూ," అంది మెల్లగా. "ఆగితే ఆయనకి మెలకువ వచ్చేస్తుంది."