నాలుగు గ్లాసులు

"కిటికీ మూసెయ్యి అమ్మాయ్! ఆ గాలి లోపలికొస్తే ఇల్లంతా విషమే," అంటూ ఎదురింటి పిన్నిగారు హడావిడిగా లోపలికొచ్చింది. "మా గుమ్మం ముందే మొదలెట్టారు. ఆ గోల అయ్యేదాకా నీ దగ్గరే కూర్చుంటా."

ఆ ఇంటి ఇల్లాలు కిటికీ మూసింది. ఒక రెక్క మాత్రం ఓరగా వదిలింది.

వీధిలో నలుగురు మనుషులు. తల నుంచి కాళ్ల దాకా తెల్లటి సూట్లు, మూతులకు మాస్కులు, ఆవిరి పట్టిన కళ్లద్దాలు. వరదలో ఊరి చివరి బ్యాటరీల కార్ఖానా మునిగి, యాసిడ్ పీపాలు కొట్టుకొచ్చాయి. నీళ్లు తీశాక వీధుల్లో తారులాంటి నల్లబురద మిగిలింది. అందులో సీసం ఉందని, పిల్లల్ని గడప దాటనివ్వొద్దని మైకులో చెప్పి వెళ్లారు. ఆ బురదని పారలతో గీకి, నీలం సంచుల్లో మూతి బిగించి, నేల మీద సున్నం చల్లుకుంటూ వస్తున్నారు ఆ నలుగురూ.

వాళ్లలో పొడుగాయన ఆమె భర్త.

ఆ సంగతి వీధిలో ఎవరికీ తెలియదు. బట్టల కొట్టు బురదపాలయ్యాక యజమాని చేతులెత్తేశాడు. వెతగ్గా వెతగ్గా దొరికిన పని ఇది. "మా ఆయన్ని కొత్త బ్రాంచికి మార్చారు," అని ఇంటింటికీ చెప్పుకొచ్చింది ఆమే. రోజూ ఇస్త్రీ చొక్కా వేయించి, క్యారేజీ చేతికిచ్చి పంపేదీ ఆమే.

నిన్న అన్నం తింటూ, "రేపు మన వీధే," అన్నాడాయన.

ఆమె చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది. "ఒక్కరోజు మానెయ్యకూడదూ?"

"భయపడకు. ఆ సూట్లో నన్ను మా అమ్మ కూడా పోల్చుకోలేదు. పైగా ఎవరెవరు పనిచేస్తున్నారో ఇళ్లల్లో కూడా చెప్పకూడదని మాలో మేం ఒట్టేసుకున్నాం. సిగ్గు నీ ఒక్కదానికేననుకున్నావా?" అని నవ్వాడు.

"మనింటి వైపు మాత్రం చూడకండి," అంది ఆమె.

ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. మజ్జిగ పోసుకోకుండానే లేచి చెయ్యి కడుక్కున్నాడు.

"ఈ పనికి ఇంట్లో ఆడవాళ్లు ఎలా పంపుతారో తల్లీ!" పిన్నిగారు కిటికీ సందులోంచి చూస్తూనే ఉంది. "ఆ పొట్టాయన్ని చూడు. రెండు పారలెత్తేసరికి నడుం పట్టుకుంటున్నాడు. చేతకానివాడు ఇంట్లో కూర్చోవచ్చుగా!"

ఆమె మాట మార్చింది. "బాబాయిగారు ఇవాళ కూడా పొరుగూరేనా?"

"ఇంకెక్కడికి? ప్రెస్సులో మిషన్లన్నీ మునిగాయిగా. రిపేర్లని రోజూ వెళ్లొస్తున్నారు. షుగరు మనిషికి వేళకి తిండి పడొద్దూ? ఆయన కోసమని ఇంట్లో పంచదార డబ్బానే తీసేశాను. చుట్టాలొస్తే నీ దగ్గరికేగా పరిగెత్తుకొస్తాను. మీ ఇంటి పంచదారకి మొదటి చీమని నేనే!"

ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వు పెదాల దగ్గరే ఉండిపోయింది. పార చప్పుడు తమ గుమ్మం ముందుకొచ్చేసింది.

ఎండ మాడ్చేస్తోంది. పొడుగాయన పారని గోడకానించి, వాళ్ల మెట్ల మీద కూలబడ్డాడు. రోజూ ఇంటికొచ్చి బూట్లు విప్పుకునేది ఆ రెండో మెట్టు మీదే.

పిన్నిగారు కిటికీ రెక్క తోసి అరిచింది. "ఏయ్ పొడుగబ్బాయ్! లే అక్కణ్నుంచి! ఆ విషం బట్టలతో మెట్ల మీద కూర్చుంటావా? కాపరం చేసుకునే ఇల్లయ్యా అది!"

ఆయన లేచాడు. కూర్చున్నచోట గ్లవుజు చేత్తో తుడిచాడు. తుడిచినకొద్దీ మెట్టు ఇంకా నల్లబడింది. పార తీసుకుని వెళ్లిపోయాడు. ఇంటి వైపు చూడలేదు. చూడొద్దని తనే చెప్పింది.

"నీకు నోరు లేదని నేను అరవాల్సొచ్చింది," అంది పిన్నిగారు.

నిజమే, నోరు లేకపోయింది. తన మనిషిని తన ఇంటి మెట్ల మీంచి లేపుతుంటే కర్టెను పట్టుకుని నిలబడింది. ఒళ్లంతా ఆ బురదే పులుముకున్నట్టనిపించింది.

"పిన్నిగారూ, ఆయన మా ఆయన."

"ఎవరు?"

"మీరిప్పుడు లేపారే, ఆయన. బ్రాంచీ లేదు, పాడూ లేదు. నేనే అబద్ధం చెప్పాను. మీరు అరుస్తుంటే నోరు మూసుకున్నదీ నేనే."

పిన్నిగారు కిటికీ దగ్గర్నుంచి వెనక్కి జరిగింది. స్టూలు మీద కూర్చుని తన అరచేతులు చూసుకుంటూ ఉండిపోయింది. సాయంత్రానికి వీధంతా తెలిసిపోతుంది.

"చెప్పుకుంటే చెప్పుకోండి," అనేసి ఆమె వంటింట్లోకి వెళ్లింది. చుట్టాలకి తీసే గ్లాసులు నాలుగు వరసగా పెట్టింది. నిమ్మకాయలు కోసింది. సందు చివర నీళ్ల ట్యాంకర్ దగ్గర చేతులు కడుక్కుని వాళ్లు మాస్కులు తీస్తారు. అందరూ చూస్తుండగా అక్కడికే తీసుకెళ్తుంది. చూడనీ.

వెనకాలే పిన్నిగారు వచ్చింది. నిమ్మచెక్క అందుకుని, గింజలు పడకుండా వేళ్ల సందుల్లోంచి నాలుగు గ్లాసుల్లోకీ పిండింది. కొంగుతో కళ్లొత్తుకుంది. పులుపు చింది ఉంటుందనుకుంది ఆమె.

పంచదార డబ్బా మూత తీసి ఒక గ్లాసులో రెండు చెంచాలు వేసింది. రెండో దాంట్లో, మూడో దాంట్లో వేసింది. నాలుగో గ్లాసు దగ్గర పిన్నిగారు ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆ పొట్టాయనకి పంచదార వెయ్యకమ్మా."